పదహారు గడుల్లో ఒక కంప్యూటరు



మీలో ఎవరైనా 1980ల రెండో సగంలో హైస్కూల్లో చదువుకుని, ఆ బడి 'క్లాస్' అనే కేంద్ర ప్రభుత్వ పథకంలో ఉండి ఉంటే, మీకో చప్పుడు గుర్తుండే ఉంటుంది. స్విచ్చి వేయగానే ముందు బొంగురుగా ఒక 'బూ', ఆ వెంటనే సన్నగా ఒక 'బీప్'. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో 'బీబీసీ కంప్యూటర్ 32కె'. దాని కింద 'బేసిక్'. ఆ కింద బాణం ములికి లాంటి ఒక గుర్తు, పక్కనే మిణుకుమిణుకుమనే ఒక గీత. ఇక చెప్పండి ఏం చేయమంటారో అన్నట్టు ఉండేది.

ఆ యంత్రం బీబీసీ మైక్రో. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో ఉన్న ఏకార్న్ అనే కంపెనీ తయారు చేసింది. 1981 డిసెంబరులో బయటికొచ్చింది. ప్రసార సంస్థ పేరు కంప్యూటరుకి ఎలా వచ్చిందంటే, జనానికి కంప్యూటర్ నేర్పాలని బీబీసీ 1982 జనవరిలో టీవీ పాఠాలు మొదలుపెట్టింది. పాఠానికి తోడుగా ఇంట్లో పెట్టుకునే యంత్రం ఒకటి ఉండాలనుకుంది. ఓ 12,000 అమ్ముడుపోతే గొప్ప అనుకున్నారు. చివరికి 15 లక్షలు దాటాయి. మన దేశానికి అది 1984లో మొదలైన 'కంప్యూటర్ లిటరసీ అండ్ స్టడీస్ ఇన్ స్కూల్స్' పథకంతో వచ్చింది. ఆ పేరులోని మొదటి అక్షరాలు కలిపితేనే 'క్లాస్'. తొలి విడతలో సుమారు 250 బడులకు అందింది.

ఆ యంత్రాలు ఇప్పుడు చాలామటుకు అటకెక్కాయి, కొన్ని తుక్కులో కలిశాయి. కానీ వాటి ప్రోగ్రాంలు ఇంకా నడుస్తున్నాయి. ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ నడిపిస్తోంది. పాత యంత్రంలోని చిప్పు ఒక్కో ఆజ్ఞకు ఏం చేసేదో అదే, ఎంతసేపు పట్టేదో అంతే సేపట్లో, ఇవాళ్టి కంప్యూటరు చేత చేయించే ప్రోగ్రాం అది. బీబీసీ మైక్రోకి ఇలాంటివి చాలా ఉన్నాయి. బీబ్‌ఎమ్ అనేదాన్ని 1994లో యునిక్స్ కోసం రాశారు. తర్వాత అది విండోస్‌కీ మ్యాక్‌కీ వెళ్లింది. ఇప్పుడైతే బ్రౌజరులోనే నడిచేవి కూడా ఉన్నాయి.

ఇవి రాసేవాళ్లలో ఎక్కువమంది జీతానికి రాసేవాళ్లు కారు, ప్రేమ కొద్దీ రాసేవాళ్లు. 6502 అనే ఆ చిప్పు ఫలానా ఆజ్ఞకి ఎన్ని సైకిళ్లు తీసుకుంటుందో నెలల తరబడి తేలుస్తారు. తీరా ఐకాన్ దగ్గరికొచ్చేసరికి, విడుదల చేసే రాత్రి ఎవరో ఒకరు పాత కంప్యూటర్ ఫోటో ఒకటి తీసి, కుదించి, అతికించేస్తారు. తెర మీద చూస్తే ఎండిపోయిన బిస్కెట్టు ముక్కలా ఉంటుంది. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ ఐకాన్ గురించే. విండోస్, మ్యాక్, లినక్స్, ఫోను ఇన్నిచోట్ల నడిచే ఒక బీబీసీ మైక్రో ఎమ్యులేటరుకి ఐకాన్లు గీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నా జవాబు ఒక్కటే. చిన్నదానితో మొదలుపెట్టాలి. అడ్డం 16 గడులు, నిలువు 16 గడులు. అందులో కుదిరిన తర్వాతే పెద్దది.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు 1,024 పిక్సెళ్ల పెద్ద బొమ్మ ముచ్చటగా వేసుకుంటారు. నీడలు, మెరుపులు, కీబోర్డు మీద అక్షరాలు అన్నీ పెడతారు. తర్వాత కంప్యూటరునే కుదించమంటారు. మన ఆడవాళ్లను చూడండి. ఇంటి ముందు వాకిలి చిన్నదైతే పదిహేను చుక్కల ముగ్గును దగ్గర దగ్గరగా ఇరికించరు. ఏడు చుక్కల ముగ్గు వేరే వేస్తారు. కుదించిన పెద్ద ముగ్గు వేరు, చిన్న ముగ్గు వేరు. ఐకాన్ సంగతీ అంతే.

గడుల్లో బొమ్మ గీయడం ఎలాగో ఆ బీబీసీ మైక్రోయే నేర్పింది. దగ్గర్లో పెన్సిలు, గళ్ల కాగితం ఉంటే తీసుకోండి. అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది గడులు గీయండి. పైన ఎడమ నుంచి కుడికి ప్రతి నిలువు వరుస మీదా ఒక విలువ రాయండి: 128, 64, 32, 16, 8, 4, 2, 1. ఇప్పుడు మొదటి అడ్డ వరుసలో మధ్యనున్న నాలుగు గడులు నింపండి. వాటి విలువలు కూడితే 60. రెండో వరుసలో రెండోదీ ఏడోదీ: 66. మూడో వరుసలో మొదటిది, మూడోది, ఆరోది, ఎనిమిదోది: 165. నాలుగో వరుసలో రెండు చివరలు మాత్రమే: 129. అయిదో వరుసకి మళ్లీ 165. ఆరో వరుసలో రెండు చివరలూ, మధ్యలో రెండూ: 153. ఏడోది 66, ఎనిమిదోది 60. కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూడండి. మీకేసి చూసి నవ్వుతున్న ముఖం ఒకటి కనిపించాలి. బీబీసీ మైక్రోలో 'వీడీయూ 23' అనే ఆజ్ఞ రాసి, ఒక అక్షరం సంఖ్య ఇచ్చి, ఈ ఎనిమిది అంకెలూ ఇస్తే చాలు, ఆ ముఖం ఒక అక్షరమై కూర్చునేది. మొత్తం ఎనిమిది బైట్ల ఖర్చు.

ఇవాళ విండోస్ టైటిల్ బారులో మూలన కనిపించే 16 గడుల ఐకాన్ ఇలాంటి అక్షరాలు నాలుగు, రెండు మీద రెండు పేర్చినంత. అంతకు మించి చోటు లేదు.

బీబీసీ మైక్రో కాలంలోనే, 1983లో, అమెరికాలో సూసన్ కేర్ అనే కళాకారిణి ఆపిల్ కంపెనీలో చేరి, మెకింటాష్ కోసం ఐకాన్లు గీయడం మొదలుపెట్టింది. ఆమె మొదట గళ్ల కాగితం మీదే గీసింది. అడ్డం 32, నిలువు 32, మొత్తం 1,024 గడులు. నలుపు, తెలుపు తప్ప ఇంకో రంగు లేదు, బూడిద రంగు కూడా లేదు. నవ్వే కంప్యూటరు, యంత్రం ఆగిపోతే కనిపించే బాంబు, చెత్తబుట్ట అందులోంచే వచ్చాయి. ఆ బాంబులో ఒక్క చుక్క తీసేసినా లోటు తెలుస్తుంది. మన ఎమ్యులేటరు ఐకాన్ కూడా అంత పొదుపుగా ఉండాలన్నది నా కోరిక.

సరే, ఇంతకీ ఏం గీయాలి? అందరికీ ముందుగా తోచేది యంత్రం బొమ్మ. బీబీసీ మైక్రో గోధుమ ఛాయ కలిసిన తెల్లటి పెట్టె, దాని మీద నల్లటి కీబోర్డు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. చదరపు గడిలో పెడితే పైనా కిందా వృథా. పైగా లేత రంగు పెట్టె తెల్లటి తెర మీద మాయమైపోతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, 1980ల్లో సగం కంప్యూటర్లు ఇలాగే ఉండేవి. దూరం నుంచి చూస్తే ఇది బీబీసీ మైక్రోనో మరొకటో ఎవరు చెప్పగలరు?

రెండోది గుడ్లగూబ. ఆ కంప్యూటరు మీద చుక్కలతో పేర్చిన గుడ్లగూబ గుర్తు ఒకటుండేది, బీబీసీ కంప్యూటర్ అక్షరాస్యత కార్యక్రమానికి చిహ్నం. చుక్కల బొమ్మ కాబట్టి గడుల్లో చక్కగా అమరుతుంది. ఇంగ్లండులో గుడ్లగూబ అంటే తెలివికి గుర్తు. మన వైపు అది ఇంటి మీద వాలితే శాంతి చేయిస్తారు, అది వేరే సంగతి. కానీ దాన్ని వద్దనడానికి అసలు కారణం శకునం కాదు, సొంతదారు. గుడ్లగూబ బొమ్మా, బీబీసీ అనే మూడక్షరాల చట్రమూ ఆ సంస్థవి. ఊరికే పంచిపెట్టే ప్రోగ్రాం అయినా సరే, పరాయి వాళ్ల చిహ్నాన్ని మన గుమ్మానికి తగిలించుకుంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు తీసేయాల్సి వస్తుంది. అప్పుడు ఇన్నేళ్లుగా జనం గుర్తుపట్టిన ముఖం పోతుంది.

మూడోది నాకు నచ్చింది. ఆ యంత్రాన్ని వాడినవాళ్లని కళ్లు మూసుకోమని, ఏం కనిపిస్తోందో అడగండి. నల్లటి కీబోర్డుకి పైన బారుగా పది ఎర్రటి కీలు అంటారు. నారింజ కలిసిన ఎరుపు. ఎఫ్ సున్నా నుంచి ఎఫ్ తొమ్మిది దాకా ఫంక్షన్ కీలు. నలుపు మీద ఆ ఎర్ర పట్టీ, దాని కింద తెల్లటి బాణం ములికి. ఇంతే బొమ్మ. యంత్రం గీయలేదు, అయినా యంత్రం ఉంది.

ఇప్పుడు 16 గడుల్లో లెక్క చూడండి. చుట్టూ ఒక గడి మందాన లేత అంచు పెట్టాలి, లేకపోతే నల్లటి టాస్క్‌బార్ మీద నల్లటి ఐకాన్ కలిసిపోతుంది. అంచు పోగా 14 గడులు మిగిలాయి. పది కీలు పట్టవు. రెండేసి గడుల చొప్పున అయిదు వేస్తే తెగిన గీతలా ఉంటుంది. నాలుగేసి గడుల కీలు మూడు, మధ్యలో ఒక్కొక్క గడి ఖాళీ రెండు: 12కి 2 కలిపితే 14. సరిగ్గా సరిపోయింది. పది కీలు కాస్తా మూడయ్యాయని పాత వాడుకరి ఎవరూ గొడవ పెట్టుకోరు. 256 గడుల సైజుకి వెళ్లాక పదికి పదీ వేసుకోవచ్చు, ఎఫ్ సున్నా అని రాసుకోవచ్చు కూడా.

'పాత కంప్యూటరు కదా, చిన్న బొమ్మనే గడులు గడులుగా పెద్దది చేస్తే పోలా' అని అడిగేవాళ్లుంటారు. సగం దాకా పోతుంది. 16 ని 32, 48, 64, 256, 1,024 చేయడం సులువే, ఒక్కో గడీ రెండింతలో మూడింతలో అవుతుంది. కానీ విండోస్‌లో తెరను 125 శాతానికి పెంచుకున్నవాళ్లకి 20 గడుల ఐకాన్ కావాలి. 150 శాతానికైతే 24. అప్పుడు ఒక గడి గీత ఒకటింబావు గడో ఒకటిన్నర గడో అవ్వాలి. పావు గడి వెలగదు కాబట్టి కంప్యూటరు దాన్ని బూడిద రంగు మరకగా మారుస్తుంది. అందుకే 20కీ 24కీ చేత్తో విడిగా గీయాల్సిందే. ల్యాప్‌టాపుల్లో చాలామటుకు ఈ 125, 150 శాతాల్లోనే నడుస్తాయి. అంటే ఎక్కువమంది చూసేది మనం అలక్ష్యం చేసిన ఈ రెండు సైజులనే.

ఇంకో మాట. పాత కంప్యూటర్ అనగానే చతురస్రపు గడులు వేయడం ఈ మధ్య వచ్చిన వేషం. బీబీసీ మైక్రో తెరకి 'మోడ్' అనే అమరికలు ఉండేవి. మోడ్ సున్నా అంటే అడ్డం 640, నిలువు 256. చుక్క సన్నగా పొడుగ్గా ఉండేది. మోడ్ 2లో అడ్డం 160 మాత్రమే, చుక్క ఇటుకలా పరుచుకునేది. పైగా అదంతా ఉబ్బెత్తు టీవీ గాజు మీద అలికినట్టు కనిపించేది. కచ్చితంగా కోసినట్టున్న గడులు ఆ రోజుల్లో ఎవరూ చూడలేదు. కాబట్టి పెద్ద సైజులో గడులు వేయకుండా నున్నగా గీసినా పాత యంత్రానికి అపచారం ఏమీ లేదు.

జ్ఞాపకం, అదే మెమరీ, ఖర్చు సంగతి కూడా వినండి, నాకిది ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. 16 గడుల రంగుల ఐకాన్, గడికి నాలుగు బైట్ల చొప్పున, 1 కిలోబైటు. బీబీసీ మైక్రోలో మోడ్ 7లో మొత్తం తెరకి, 25 వరుసల అక్షరాలకి, పట్టిన జ్ఞాపకం అంతే. ఇక 1,024 పిక్సెళ్ల ఐకాన్ విప్పితే 4 మెగాబైట్లు. బీబీసీ మైక్రో మోడల్ బీ మొత్తం జ్ఞాపకం 32 కిలోబైట్లు. అంటే ఆ యంత్రానికి గుర్తుగా పెట్టే ఒక్క బొమ్మకి అలాంటి యంత్రాలు 128 కావాలి.

ప్రోగ్రాం ఐకాన్ ఒక్కదానితో పని తీరదు. ఎమ్యులేటరుకి ఫైళ్లుంటాయి. ఫ్లాపీల నకళ్లు, క్యాసెట్ల నకళ్లు, రోమ్ చిప్పుల నకళ్లు, ఆట మధ్యలో ఆపి దాచుకున్న స్థితి. ఫోల్డరు తెరవగానే ఏది ఏదో తెలియాలి. ఇక్కడ ఫ్లాపీ గురించి నాకు కాస్త పట్టింపు ఉంది. 'సేవ్' బొత్తం మీద అందరికీ తెలిసిన గట్టి ప్లాస్టిక్ ఫ్లాపీ మూడున్నర అంగుళాలది. బడుల్లో బీబీసీ మైక్రోకి వాడింది అయిదుంబావు అంగుళాలది, పట్టుకుంటే వంగేది. నల్లటి చదరం, నడిమధ్య గుండ్రటి కన్నం, దాని కింద కోలగా ఒక చీలిక, పక్కన చిన్న గాటు. అదే గీయాలి. ఒక వైపు రాసే ఫ్లాపీకీ రెండు వైపులా రాసే ఫ్లాపీకీ వేరువేరు ఐకాన్లు మాత్రం వద్దు. 16 గడుల్లో ఆ తేడా చూపబోతే రెండూ చెడతాయి. ఫైలు పేరు చివర ఎలాగూ ఉంటుంది.

క్యాసెట్టు తేలిక. అడ్డంగా దీర్ఘచతురస్రం, రెండు కన్నాలు, ఎంత చిన్నదైనా నిలుస్తుంది. ఆ రోజుల్లో ప్రోగ్రాంలు క్యాసెట్టులో కీచుమనే చప్పుడుగా ఉండేవి. చప్పుడే కాబట్టి రేడియోలో కూడా పంపేవారు. బీబీసీ రేడియో 4 అలా ప్రసారం చేసింది. శ్రోతలు రికార్డు చేసుకుని కంప్యూటరుకి వినిపించేవారు. మా రేడియో స్టూడియోలో ఆ పని చేద్దామంటే ఇంజనీరు గారు ఒప్పుకోరు.

రోమ్‌కి చిప్పు బొమ్మ. అసలు చిప్పుకి 28 కాళ్లు, బొమ్మలో వైపుకి నాలుగు చాలు. అన్నిటికంటే కష్టం దాచుకున్న స్థితి. చాలామంది కెమెరా వేస్తారు. కెమెరా చూస్తే తెర ఫోటో తీసుకున్నదేమో అనుకుంటాం. తెర వేసి, మీద నిలిపివేత గుర్తు, అవే రెండు నిలువు గీతలు, వేస్తే నయం. నాలుగింటిలోనూ ఎక్కడో ఒకచోట ఆ ఎర్ర పట్టీ రావాలి. ఫ్లాపీకి లేబులు ఎరుపు, క్యాసెట్టుకి లేబులు ఎరుపు, తెర కింద ఎర్ర గీత. చూడగానే అన్నీ ఒక ఇంటివే అని తెలుస్తుంది.

వేదికల సంగతికొస్తే, ఎవరి ఆచారం వాళ్లది. విండోస్‌కి ఒకే ఫైలులో అన్ని సైజులూ కట్టగట్టి ఇవ్వాలి. లినక్స్‌లో సైజుకో ఫోల్డరు, 48 గడులది తప్పక ఉండాలి, ఎంతైనా సాగే గీతల బొమ్మ ఒకటి పక్కన పెట్టాలి. మ్యాక్‌లో 2020 నుంచీ అన్ని ఐకాన్లూ గుండ్రటి మూలల చదరాలే. మనది అలా లేకపోతే తోటలో కలుపు మొక్కలా కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఇంకో దారి పట్టింది. 2017లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ నుంచీ ఐకాన్‌ని గుండ్రంగా కోయాలో చదరంగా కోయాలో ఫోను చేసినవాడిదే నిర్ణయం. మనం 108 కొలత గల బొమ్మ ఇస్తే, అందులో నడిమధ్య 66 మాత్రమే ఎప్పుడూ కోతకు గురికాదని భరోసా. కాబట్టి మన ఎర్ర పట్టీ అంచు దాకా పోయినా పరవాలేదు గానీ, బాణం ములికి మాత్రం మధ్యలోనే ఉండాలి. ఒకే రంగులో వేసే ఐకాన్ కూడా ఇప్పుడు ఫోన్లు అడుగుతున్నాయి. అక్కడ ఎరుపు పోతుంది, పట్టీ మీద కీల మధ్య ఖాళీలే బొమ్మని నిలబెట్టాలి. సూసన్ కేర్ గళ్ల కాగితం మళ్లీ తీయక తప్పదు.

ఫోను అంటే గుర్తొచ్చింది. మన ఫోన్లలో ఉన్నవి దాదాపు అన్నీ ఏఆర్ఎమ్ రకం చిప్పులు. ఆ రకాన్ని తొలిసారి రూపొందించింది ఏకార్న్ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్. బీబీసీ మైక్రోని రూపొందించిన జట్టులో ముఖ్యులు కూడా వాళ్లే. తొలి ఏఆర్ఎమ్ చిప్పు 1985 ఏప్రిల్‌లో పని చేసింది. చిప్పు చేతికి రాకముందే దాని ఆజ్ఞలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి విల్సన్ ఒక నమూనా ప్రోగ్రాం రాసింది, ఆ యంత్రపు భాష బీబీసీ బేసిక్‌లోనే. అప్పుడు బీబీసీ మైక్రో ఏఆర్ఎమ్‌లా నటించింది. ఇప్పుడు మీ జేబులోని ఏఆర్ఎమ్ బీబీసీ మైక్రోలా నటిస్తోంది.

చివరగా మన దేశం నుంచి ఒక చిక్కు. ఇక్కడ హోప్ కంప్యూటర్స్ అనే సంస్థ బీబీసీ మైక్రోని పోలిన యంత్రం ఒకటి తయారు చేసింది. పేరు డాల్ఫిన్. దాని ఫంక్షన్ కీలు ఎరుపు కాదు, నీలం. దాని ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లకి మన ఎర్ర పట్టీ ఏమీ గుర్తు చేయదు. అందుకని గీసేటప్పుడే పట్టీని విడి పొరలో ఉంచుకోవాలి, రంగు ఒక్కచోట మారిస్తే అన్ని సైజుల్లోనూ మారేలా. సెట్టింగుల్లో డాల్ఫిన్ అని ఎంచుకున్నవాళ్లకి నీలం పట్టీ ఐకాన్ రావాలి. నీలం నలుపు మీద ఎరుపంత తేలదు కాబట్టి కాస్త లేత నీలం వాడి, 16 గడుల్లో మళ్లీ ఒకసారి చూసుకోవాలి.